వెనక్కి తిరిగి చెప్పిన పేర్లు

అరసవల్లి వెళ్లలేదు. శ్రీకూర్మం వెళ్లలేదు. రామతీర్థం దారిలోనే ఉన్నా దిగలేదు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరు రోజులు తిరిగి వచ్చి ఈ మాట చెబితే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. అటు వెళ్లాలనుకునేవాళ్లకు ఇది దారి చూపించే వ్యాసం కాదు. నేను వెళ్లింది ఒక ప్రశ్నకు జవాబు తెచ్చుకోవడానికి. ఆ ప్రశ్న నా భార్యను అడిగింది. జవాబు చెప్పడానికి ఆమె లేదు.

గౌరి హైదరాబాదులో కంప్యూటర్ సైన్సు చెప్పేది. ఆమె పరిశోధన పంపకాల మీద, ఓట్ల మీద. కొన్ని వస్తువులను కొందరు మనుషులు పంచుకోవాలి. పక్కవాడి వాటా చూసి ‘అది నాకు వస్తే బాగుండేది’ అని ఎవరికీ అనిపించకూడదు. అలాంటి పంపకం ఉంటుందా, ఉంటే దాన్ని కనిపెట్టడానికి కంప్యూటరుకు ఎంతసేపు పడుతుంది? ఇరవై ఏళ్లు ఆమె చేసిన పని ఇదే. నేను ఒక కాలేజీలో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యాను. ఆమె లెక్కలు నాకు అర్థమయ్యేవి కావు. ఉదాహరణలు అర్థమయ్యేవి.

ఆమె పోయిన నెలకు ఆరుగురు శిష్యులు వచ్చి, ఆమె పుస్తకాలు ఆమె చెప్పిన పద్ధతిలోనే పంచుకున్నారు. ఒకటో మనిషి నుంచి ఆరో మనిషి దాకా తలా ఒక పుస్తకం తీసుకోవడం, మళ్లీ ఆరో మనిషి నుంచి ఒకటో మనిషి దాకా వెనక్కి రావడం. సాయంత్రానికి అయిపోయింది. ఎవరికీ అసంతృప్తి లేదు. నాకు ఖాళీ అల్మరాలు మిగిలాయి.

ఆమె చివరి పేపరు సగంలో ఆగిపోయింది. రాజాంలో ఇంజనీరింగు కాలేజీలో పాఠం చెప్పే సునీత అనే శిష్యురాలు దాన్ని పూర్తి చేసి, ఇద్దరి పేర్లతో అచ్చుకు పంపింది. అచ్చుకు ముందు ఇలాంటి పేపర్లను తెలిసినవాళ్లు చదివి సందేహాలు అడుగుతారట. వాళ్లలో ఒకరు నాలుగో భాగం మీద ఒక సందేహం అడిగారు.

ఆ భాగం ఒకటిన్నర పేజీ. గౌరి పుట్టిన ఊళ్లో బెస్తవాళ్లు చేపలు పంచుకునే తీరు గురించి. చేపలను ఇసుకలో పోగులు పెడతారు. ఒకడు ఒక్కో పోగునూ చూపిస్తూ ‘ఇదెవరికి’ అని అడుగుతాడు. ఇంకొకడు పోగులకు వీపు పెట్టి నిలబడి ఒక్కో పేరు చెబుతాడు. చూపించేవాడి చేతిలో పేర్లు లేవు, పేర్లు చెప్పేవాడి కంటికి పోగులు లేవు. కాబట్టి ఎవరికి ఏది వచ్చినా అది చీటీ తీసినట్టే, పక్షపాతానికి తావులేదు అని ఆమె రాసింది. ఆ మనిషి పేర్లు చెప్పే వరుసలో నిజంగా ఏ ఉద్దేశమూ లేదా, రచయిత్రి చిన్ననాటి జ్ఞాపకం తప్ప ఆధారం ఏదైనా ఉందా అన్నది ప్రశ్న. మూడు వారాల్లో జవాబు ఇవ్వాలి, లేదా ఆ భాగం తీసేయాలి.

సునీత ఫోను చేసింది. “సర్, నిరూపణలన్నీ చివరికి నేను మార్చేసినవే. మేడమ్ రాసింది రాసినట్టు ఉన్నది ఆ ఒకటిన్నర పేజీయే. అది తియ్యడానికి నాకు చెయ్యి రావట్లేదు. నేను ఆ ఊరెళ్లి అడిగొస్తాను.”

నేను వెళ్తానన్నాను.

విజయనగరం

గౌరి పుట్టిన ఊరికి నేను ఒక్కసారే వెళ్లాను, పెళ్లయిన వారంలో. తర్వాత మా అత్తగారు మా దగ్గరకే వచ్చి, మా దగ్గరే పోయారు. ఆ ఊళ్లో మాకంటూ ఎవరూ మిగల్లేదని అనుకుంటూ ఉండేవాణ్ణి.

పొద్దున్నే విజయనగరంలో దిగి కోట వైపు నడిచాను. దారిలో ఒకావిడ కుండలో చోడి అంబలి పెట్టుకుని అమ్ముతోంది. మా కృష్ణా జిల్లాలో రాగులనేవి ఇక్కడ చోళ్లు. గ్లాసు పది రూపాయలు, నంచుకోవడానికి ఉల్లిపాయ ముక్క, మిరపకాయ ఊరికే. మాకు మజ్జిగ ఎక్కువ పోస్తారు. ఇక్కడ అంబలి చిక్కగా, కొంచెం పులిసి ఉంది.

“ఏ ఊరండి?” అంది.

చెప్పాను.

“ఒక్కరే ఒచ్చినారేటి? అమ్మగార్ని తేలేదేటి?”

“రాలేదు.”

“తెస్తే బాగున్ను. పైడితల్లిని సూసుకొని ఎల్దురు.” రెండో గ్లాసు సగం పోసి దానికి డబ్బు వద్దంది. “ఒక్కలే తిరిగినోలు కడుపు నిండా తినరు,” అంది.

ఆ సగం గ్లాసూ తాగాను. నిజం చెప్పనందుకు తర్వాత బస్సులో చాలాసేపు ఇబ్బందిగా అనిపించింది. అయినా, తెలియని మనిషి చేతిలో అంబలి గ్లాసు ఉండగా చెప్పే మాట కాదు అది.

బొబ్బిలి

గౌరి నోటుపుస్తకంలో ఆ చేపల పేజీకి ముందు ‘బొబ్బిలి దగ్గర అన్నదమ్ములు, పనస మాను’ అని ఒక వాక్యం ఉంది. వీణలు చేసే ఇల్లు. రెండు చోట్ల అడిగితే దొరికింది.

అన్న పేరు అప్పారావు, తమ్ముడు సత్యం. ఒకే పాక, మధ్యలో తడిక. ఇద్దరూ కలిసి పనస మాను కొంటారు. కుండ, దండి, తల అన్నీ ఒకే మాను నుంచి చెక్కే వీణకు బాగా చేవదేరిన కర్ర కావాలి. మానును రెండుగా కోయించేటప్పుడు రంపం ఎక్కడ పెట్టాలో మొదట్లో ఎప్పుడూ అన్నే సుద్దతో గీసేవాడు. ఏ ముక్క కావాలో తమ్ముడు ముందు తీసుకునేవాడు. గీసినవాడికి ముందు తీసుకునే హక్కు లేదు. అందువల్ల గీసేవాడు రెండు ముక్కలూ తనకు ఒకటే అనిపించేలా గీస్తాడు. ఈ పద్ధతి ప్రపంచంలో చాలాచోట్ల ఉందని గౌరి చెప్పేది.

“పదేళ్ల కింద ఒకావిడ ఒచ్చి ఇదే అడిగి రాసుకుంది,” అన్నాడు అప్పారావు. “అన్నయ్యా, ఇందులో నీకు నట్టం, తమ్ముడికి లాభం అని సెప్పింది. నాకు అప్పటిదాకా తెల్దు.”

“ఎలా నష్టం?”

“నాకు రెండూ ఒక్కలాగే ఉంటాయి కదండి, ఏది మిగిలినా సగమే. ఈడికి మాత్రం ఒకటి ఎక్కువ నచ్చుతాది, అది తీసుకుంటాడు. ఈడికి సగం కన్నా ఎక్కువే.”

తడిక అవతల నుంచి సత్యం అందుకున్నాడు. “ఆవిడ ఎల్లిన కాన్నుంచి మా అన్న నన్ను గియ్యమనీవోడండి. నాను గియ్యననీవోణ్ణి.”

“సూసినారా? ముందు మేం తగువాడుకునీవాళ్లం కాదు. లెక్క తెలిసినాక మొదలైనాది,” అన్నాడు అప్పారావు. ఇద్దరూ నవ్వారు. ఇప్పుడు ఏడాదికి ఒకరు గీస్తున్నారట.

చెక్కుతున్న వీణ కుండ నా ఒళ్లో పెట్టాడు. లోపలంతా ఖాళీ చేసినా నేను అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. “మళ్లీ ఒస్తానన్నారు ఆవిడ,” అన్నాడు. నేను పనస చెక్క ఎన్నాళ్లు ఆరబెడతారని అడిగాను. అతను చెప్పాడు. నేను దాన్ని నోటుపుస్తకంలో రాసుకున్నాను. నాకు దానితో పనిలేదు.

రాజాం

రాజాం రోడ్డు పొడవునా వడ్ల లారీలు, కాలేజీ బస్సులు. సునీత నన్ను తన క్లాసుకు తీసుకెళ్లి వెనక బెంచీలో కూర్చోబెట్టింది. ఆ రోజు ఓట్ల పాఠం. చివరి ఏడాది విద్యార్థులు ఇరవై ఒక్కమంది. వీడ్కోలు విందులో ఏం పెట్టాలో ఒక్కొక్కరూ తమ ఇష్టాల వరుసను కాగితం మీద రాసి ఇచ్చారు. ఎనిమిది మంది ముందు బిర్యానీ, తర్వాత పులిహోర, చివర పరోటా రాశారు. ఏడుగురు పరోటా, పులిహోర, బిర్యానీ. ఆరుగురు పులిహోర, పరోటా, బిర్యానీ.

మొదటి ఇష్టమే లెక్కపెడితే బిర్యానీ గెలిచింది. తక్కువ ఓట్లు వచ్చిన పులిహోరను తీసేసి మిగతా రెండింటికీ మళ్లీ పోటీ పెడితే పరోటా గెలిచింది. రెండేసి వంటకాలకు విడివిడిగా పోటీ పెడితే పులిహోర రెండింటి మీదా గెలిచింది. ఓట్లు అవే, మనుషులు వాళ్లే.

“మరి నిజంగా గెలిచింది ఏటి మేడమ్?” అని ఒకమ్మాయి అడిగింది.

“అదే కదా పాఠం. పద్ధతిని ముందు ఎంచుకుంటాం, తర్వాతే గెలుపు.”

“పోయినేడు మా సీనియర్లు ఏటి తిన్నారు?”

“బిర్యానీ. హోటలు నడిపేది మన అటెండరు బావమరిది.”

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. బోర్డు మీద గీతలు గీసే తీరు, సుద్ద ఎడమచేతిలోకి మార్చుకుని కుడిచెయ్యి చీర కొంగుకు తుడుచుకోవడం, అన్నీ గౌరివే. సునీతకు తెలియకుండానే వచ్చి ఉంటాయి. గంట కొట్టేదాకా నేను బోర్డు వైపు చూడలేదు.

భోజనం వాళ్లింట్లో. పనసపొట్టు కూర, ఆవ పెట్టి. మా వైపు ఆవ ఇంత ఘాటుగా పెట్టరు. సునీత అత్తగారు మారు వడ్డిస్తూ, “మా కోడలు మీ ఆవిడ పోయినప్పుడు మూడ్రోజులు అన్నం ముట్టలేదండి. మా ఓడు భయపడిపోయాడు,” అన్నారు. సునీత వినపడనట్టు మంచినీళ్లు తేవడానికి లేచింది.

పొందూరు

రాజాంలో నేను ఎక్కింది పాలకొండ బస్సు. కండక్టరు టిక్కెట్టు కొట్టేటప్పుడు, “పొందూరా? ఇది అటెల్దండి. దిగీండి బేగి,” అన్నాడు. మామిడితోటల మధ్య దింపేసి పోయాడు. గంటసేపు ఎదురుచూశాక ఒక ట్రాక్టరు ఆగింది. ధాన్యం బస్తాల మీద కూర్చుని వెనక్కి వచ్చాను.

పొందూరులో ఒక ఇంటి వసారాలో ముగ్గురు ఆడవాళ్లు పత్తి శుభ్రం చేస్తున్నారు. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వుతారు. ఎముక మీద పళ్లు ఇసుకరేణువుల్లా ఉంటాయి, వేలితో తడిమితేనే తెలుస్తాయి. ఇనుప దువ్వెన ఏదీ ఇంత మెత్తగా తీయలేదట. మైళ్ల కొద్దీ దూరం నుంచి ఆ ఎముకలు తెప్పించుకుంటారు.

“మీ ఆవిడ కట్టీదా మా ఊరి సీర?” అని వాళ్లలో పెద్దావిడ అడిగింది.

“కట్టేది. ఇప్పుడు లేదు,” అన్నాను. ప్రయాణంలో ఆ మాట అనడం అదే మొదలు.

ఆవిడ తల ఊపింది. దువ్విన దూదిపింజ ఒకటి నా అరచేతిలో పెట్టి మళ్లీ పని చూసుకుంది. చేతిలో ఉన్నట్టే లేదు. కాసేపటికి దాన్ని ఆవిడ బుట్టలోనే వేసి లేచాను.

దరి మీద ఊరు

ఊరి పేరు రాయను. ఇందులో మనుషుల పేర్లన్నీ మార్చాను, గౌరి పేరు కూడా. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

శ్రీకాకుళం నుంచి ఆటోలో పోతే దారి పొడవునా తుఫానుకు విరిగిన సరుగుడు మొద్దులు, వాటి మధ్య కొత్తగా నాటిన మొక్కలు. నేను పెళ్లప్పుడు చూసిన చెక్క తెప్పలు ఇప్పుడు లేవు. అన్నీ ఫైబరు పడవలు, వెనక ఇంజన్లు. వచ్చిన చేప వచ్చినట్టు ఇసుకలోనే వేలంపాట పాడి అమ్మేస్తున్నారు. పాట పాడేవాళ్లలో ఎక్కువ ఆడవాళ్లే. ఇంటి కూరకు పక్కన పెట్టుకున్న నాలుగు చేపలను మాత్రం ఇంకా పోగులు పెట్టే పంచుకుంటున్నారు. ఒకడు వీపు పెట్టి నిలబడి పేర్లు చెప్పాడు. అంతా రెండు నిమిషాల్లో అయిపోయింది.

“నాకెప్పుడూ తలకాయలే ఒస్తాయి,” అన్నాడు ఒకతను తన పోగు ఎత్తుకుంటూ.

“నీకు లేనిదే కదరా పంపిస్తన్నాడు దేవుడు,” అన్నాడు వీపు పెట్టినవాడు, ఇటు తిరక్కుండానే.

పూర్వం వేటంతా ఇలా పంచుకునే రోజుల్లో పేర్లు ఎవరు చెప్పేవారని వాళ్లను అడిగాను. పోలయ్య తాత అన్నారు, బతికే ఉన్నాడన్నారు, రేకుల ఇల్లు చూపించారు.

పోలయ్య అరుగు మీద వల బాగుచేస్తున్నాడు. చూపు తగ్గింది, ముళ్లు వేళ్లతోనే వెతుక్కుంటున్నాడు. ఆయన భార్య ఎర్రమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఉంది. నా వైపు కాసేపు చూసి, “గౌరి మొగుడివి కాదేటి?” అంది. ఒక్కసారి, అదీ ఇరవై ఏడేళ్ల కింద చూసిన మొహం.

“అవునమ్మా.”

“ఓలమ్మ. రా బావు, కూకో. గౌరేదీ? ఎనకొస్తన్నాదా?”

విజయనగరంలో చెప్పినట్టు ఇక్కడ చెప్పడానికి లేదు. “గౌరి పోయిందమ్మా. జబ్బు చేసింది. పదకొండు నెలలైంది,” అన్నాను.

ఎర్రమ్మ చేతిలో చేప కింద పెట్టింది. ఏడవలేదు. “పదకొండు నెల్లు,” అంది. “పదకొండు నెల్ల నుండీ మేం అది ఉన్నాదనే అనుకుంటన్నాం. మొన్న గూడా అనుకున్నాం. కబురెట్టలేదేటి బావు?”

గౌరి ఫోనులో ఉన్న పేర్లన్నిటికీ చెప్పాను. ఈ ఊరి పేర్లు ఆ ఫోనులో లేవు. వెతకాలని నాకు తోచలేదు.

పోలయ్య వల పక్కన పెట్టి లేచాడు. ఇద్దరూ బోరింగు దగ్గరకు వెళ్లారు. ఎర్రమ్మ కొడుతుంటే ఆయన, ఆయన కొడుతుంటే ఆమె, బట్టలతోనే తలమీద నీళ్లు పోసుకున్నారు. మా వైపు కూడా దూరాన పోయినవాళ్ల కబురు ఆలస్యంగా తెలిస్తే స్నానం చేస్తారు. అది దగ్గరి బంధువులకే. వీళ్లు గౌరికి ఏమీ కారు. పోలయ్య ఆమె తండ్రితో ఒక తెప్ప మీద వేటకు వెళ్లేవాడు, ఆమె ఆయన్ను మావా అనేది, అంతే.

ఎర్రమ్మ తడిచీరతో వచ్చి, “నువ్వూ పోసుకో. మాకు ఇయ్యాలే పోయినాది,” అంది.

పోసుకున్నాను. ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. కత్తిపీట దగ్గర చేప పక్కింటికి వెళ్లిపోయింది. సాయంత్రం ఆ పక్కింటివాళ్లే అన్నం, చారు తెచ్చారు. పదకొండు నెలల కింద నాకు అయిపోయిందనుకున్న మొదటి రోజు, ఆ అరుగు మీద మళ్లీ మొదలైంది.

తెడ్డు

మర్నాడు పొద్దున్న, వచ్చిన పని చెప్పాను. గౌరి రాసిన పేజీని తెలుగులో చెబుతూ చదివాను. పోలయ్య వల ముట్టుకోకుండా విన్నాడు. పోగులు కర్రతో చూపిస్తారన్న చోట ఆపాడు.

“కర్ర కాదు. తెడ్డు.”

దిద్దుకున్నాను. చివరి రెండు వాక్యాలు చదివాను. ‘మా నాన్న పోయాక రెండేళ్లపాటు మా ఇంటికి పెద్ద పోగు చాలాసార్లు వచ్చింది. చీటీల్లో అలాంటి వరుసలు రావడం సహజమే, చిన్నపిల్లకు మాత్రం అది ఎవరో చూపిన దయలా కనబడుతుంది.’

పోలయ్య తల పక్కకు తిప్పుకున్నాడు.

“ఇదంతా నిజమేనా?” అని అడిగాను.

“నిజమే. ముప్పై ఏళ్లు నిలబడ్డాను అలగ. సముద్రం కేసి తిరిగి.”

“పేర్లు ఏ వరుసలో చెప్పేవారు? అప్పటికి ఏది తోస్తే అదేనా?”

ఆయన గుమ్మం వైపు తిరిగాడు. ఎర్రమ్మ గుమ్మంలో నుంచి, “సెప్పీ. దాసి ఎవలికెడతావు?” అంది.

“నువ్వూరుకోవే.”

“అదుంటే సెప్పొద్దందును. లేదు గదా.”

పోలయ్య మొదలుపెట్టాడు. “అది బతికుంటే సెప్పను బావు. తెడ్డు పట్టినోడు ముందు పెద్ద పోగు కాడే ఆగుతాడు. ఎప్పుడూ అంతే. నాను ముందు ఎవలి పేరు సెప్తే పెద్దది ఆళ్లకి. ఏ ఇంట్లో జరమొచ్చినాదో, ఏ ఇంట్లో పురుడొచ్చినాదో మనకి తెల్దేటి? ఆ పేరు ముందు సెప్తాను.”

“మిగతావాళ్లకు తెలుసా ఇది?”

“తెలీకేటి? అందరికీ తెలుసు. ఎవలూ అనరు.”

“అందరికీ తెలిసినప్పుడు వెనక్కి తిరగడం ఎందుకు?”

ఆయన నా వైపు తిరిగాడు. నాకు ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు ఉంది మొహం. “ఎదురుగుండా ఇస్తే తీసుకున్నోలు తల దించుకోవాల కదేటి బావు.”

గౌరి తండ్రి వేటకు వెళ్లి తిరిగి రానప్పుడు ఆమెకు తొమ్మిదేళ్లు. ఇంట్లో వల ఒకటి మిగిలింది. ఆ వలను తెప్పకు ఇచ్చినందుకు మా అత్తగారికి ఒక పోగు వచ్చేది. అంతవరకు నాకు తెలుసు.

“ఆ ఏడూ, ఆ మీదేడూ ముందు పేరు మీ అత్తదే,” అన్నాడు పోలయ్య. “పెద్ద పోగు గంపకెత్తి ఊళ్లమ్మట అమ్మీది. పిల్లని సదివించింది.”

“మా అత్తగారికి తెలుసా?”

“తెలుసు,” అంది ఎర్రమ్మ. “ఒక్క మాట అన్లేదు. నాకు పెద్ద జబ్బు సేసినప్పుడు, మా పేరు ముందొచ్చిన నాడు, తన పోగులోదీ తెచ్చి నా గంపలో ఏసి ఎల్లిపోనాది. అప్పుడూ ఏటీ అన్లేదు.”

“గౌరికి?”

పోలయ్య వల అంచు చేతిలోకి తీసుకున్నాడు. “ఆ గుంట, మీ గౌరి, నా కాళ్లకాడే నిలబడీది. నా మొకం సూసీది. ఓపాలి అడిగినాది, మావా, నువ్వే ఇస్తన్నావేటి మాకు పెద్దది అని. నాను ఎనక్కి తిరిగున్నాను కదే, నాకెలగ కనబడతాది అన్నాను. కాసేపు ఆలోసించుకొని, అవును అంది. ఎల్లిపోనాది.”

పేజీ నా చేతిలోనే ఉంది. తొమ్మిదేళ్లప్పుడు ఆమె సరిగ్గానే అనుకుంది. ఆమె నమ్మిన మనిషి కాదన్నాడు. ఆ తర్వాత నలభై ఏళ్లు చదివి, ఎందుకు కాదో కూడా రాసింది.

నేను బయల్దేరేటప్పుడు పోలయ్య చెయ్యి పట్టుకున్నాడు. “అది రాసిన కాయితం అలగే ఉండనీ బావు. అడిగినోలకి నిజమే అని సెప్పీ. ఎవలొచ్చి సూస్తారు?”

“మీరు చెప్పింది నేను ఎక్కడైనా రాయవచ్చా?”

“ఊరి పేరెట్టకు. తీసుకున్నోల పిల్లలున్నారు ఇక్కడ. ఆళ్లకి తెల్దు.”

ఆమదాలవలస

శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. బండి గంట ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద ఏడు రూపాయల టీ తాగి సునీతకు ఫోను చేశాను. జరిగింది చెప్పాను.

“సర్, మేడమ్ రాసుకున్న ప్రకారం పన్నెండు పోగులు, ఒకే ఇల్లు, రెండేళ్లు. అది చీటీ కాదని తేల్చడానికి నిమిషం చాలు. మేడమ్ నోటిలెక్కలో చేసేవారు,” అంది.

“చేసేది.”

“మరి ఎందుకు చేయలేదు?”

“కాదని చెప్పింది పోలయ్య.”

పోలయ్య కోరిక కూడా చెప్పాను. నిజమేనని ఒక్క వాక్యం రాస్తే చాలు. ఊరి మనిషిని కలిశాం, పద్ధతి ఉన్నదని నిర్ధారించాడు. అందులో అబద్ధం కూడా లేదు. వరుస సంగతి ఒక్కటే వదిలేయాలి. గౌరి పేజీ అచ్చులో ఉంటుంది.

“లేకపోతే ఉన్నదున్నట్టు రాద్దాం సర్,” అంది సునీత. “ఇది ఇంకా పెద్ద విషయం. ఎవరూ రాయలేదు.”

“పేపరు మీద ఆమె అసలు పేరు ఉంటుంది. ఊరు తెలిసిపోతుంది.”

“అయితే నిజమేనని రాయమంటారా?”

పెళ్లయిన కొత్తలో గౌరి తన థీసిస్‌లో ఒక చిన్న తప్పు కనిపెట్టి, అప్పటికే బైండు చేయించిన ఐదు ప్రతులనూ విప్పించింది. గైడు వద్దన్నాడు, ఎవరూ చూడరన్నాడు. ఆ రాత్రి నేనూ అదే అన్నాను. ఆమె నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

“తీసెయ్యమ్మా,” అన్నాను.

సునీత ఏడుస్తోందని తెలుస్తోంది. సందేహం అడిగిన సమీక్షకుడికి ఏం రాయాలో చెప్పమంది. చెప్పాను, ఆమె టైపు చేసుకుని తిరిగి చదివింది. ‘మీ సందేహం సరైనదే. ఆ వరుసలో ఉద్దేశం ఉంది. ఆ భాగం తొలగిస్తున్నాం.’

“కారణం రాయనా సర్?”

“వద్దు.”

బండి వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. విజయనగరం దాటేదాకా నాకు ఒకటే పని, ఇంటికెళ్లాక ఈ సంగతి ఆమెకు ఎలా మొదలుపెట్టి చెప్పాలా అని ఆలోచించడం. ముందు తెడ్డు సంగతి చెబుదామనుకున్నాను, కర్ర అని రాసినందుకు తనే నవ్వుకునేది. ఎవరికి చెప్పాలనుకుంటున్నానో గుర్తొచ్చాక పుస్తకం తీసి చదవబోయాను. కొత్తవలస దగ్గర మూసేశాను.

పేపరు వానాకాలంలో అచ్చయింది. సునీత ఒక ప్రతి పంపింది. గౌరి పేరు మొదట ఉంది, పక్కన చిన్న గుర్తు, కింద ఆమె లేదని ఒక వాక్యం. లెక్కలు నాకు అర్థం కావు కాబట్టి భాగాల శీర్షికలు మాత్రం చదువుతూ పోయాను. మూడు తర్వాత నాలుగు ఉంది. అది ఇదివరకటి ఐదు. చదివేవాళ్లకు మధ్యలో ఏదైనా పోయిందని తెలియదు.